ముగ్గు పోసిన ఇంట్లో కాపురం

కైలాసం సారుకు ఒక్కటే పిచ్చి. కట్టని ఇంట్లో కాపురం చేసి చూపిస్తే గానీ కట్టబోయే ఇంటికి పర్మిషన్ ఇవ్వడు.

నవ్వేవాళ్లు నవ్వండి. మద్దివాగులో ఇల్లు కట్టుకోవాలనుకున్నవాడెవడూ నవ్వలేదు. ఇచ్చోడ దాటి లోపలికి, అడవి అంచున ఉండే ఊరది. వెనుకట అక్కడ ఇల్లు కట్టాలంటే మన్ను, నీళ్లు, నలుగురు చుట్టాలు ఉంటే చాలు. పంచాయతీ రాజ్యం వచ్చాక ముందు కాగితం ఉండాలన్నారు. కాగితం లేకపోతే గోడ నిలబడదా అంటే నిలబడుతుంది, కప్పే పడదు. ఎందుకంటే ఇంటి కర్ర సర్కారు డిపోలో ఇస్తారు, పంచాయతీ పర్మిషన్ చూపిస్తేనే ఇస్తారు. కళ్లు తిప్పినంత మేర టేకు అడవి పెట్టుకొని ఒక్క దూలం కోసం కాగితం పట్టుకొని తిరిగే భాగ్యం ఆదిలాబాద్ జిల్లావాళ్లకే దక్కింది.

ఆ కాగితం రాసిచ్చే పంచాయతీ సెక్రటరీయే కైలాసం సారు. మనిషి జగిత్యాల దిక్కువాడు, తాటిచెట్టంత పొడుగు, లంచం ముట్టడు. ముట్టి ఉంటే ఊరు ఎంత సుఖపడేదో! దరఖాస్తుతో పాటు ఇంటి నక్షా పట్టుకుపోతే దాన్ని పక్కకు నెట్టేసేవాడు. కాగితం మీద అందరివీ మహళ్లేననీ, దాని మీద చీమ కూడా కాళ్లు చాపుకొని పండుకోలేదనీ అనేవాడు. ఇల్లు కట్టే జాగాలో గోడలెక్కడో, అర్రలెక్కడో, దర్వాజాలెక్కడో సున్నంతో ముగ్గు పోయాలి. పునాది తవ్వేముందు ఎవరైనా పోసేదే గదా అనుకుంటాం. కానీ సారు లెక్కలో, పోశాక ఇంటిల్లిపాదీ ఒక పూట అందులో కాపురం ఉండాలి. వండుకోవాలి, తినాలి, పండుకోవాలి. ఆయన చుట్టంలా వచ్చి చూసి పోతాడు.

ఆ రావడం కూడా ఏం రావడమని! సైకిలు దిగి, ముగ్గులో దర్వాజా కోసం వదిలిన సందు ముందు నిలబడి, వేలు మడిచి గాలిని తట్టేవాడు. లోపలివాళ్లు ఆయనకు నెత్తి నుంచి కాళ్ల దాకా కనిపిస్తూనే ఉంటారు. అయినా ఎవరో ఒకరు "లోపలికి రాండ్రి సారూ" అనేదాకా కదిలేవాడు కాదు. అన్నాక చెప్పులు బయట విడిచి, లేని దర్వాజాకు నెత్తి తగలకుండా వంగి, లోపలికి వచ్చి గొడుగు ముడిచేవాడు. ఎండాకాలం సారూ, గొడుగు ఉంచుకోండ్రి అంటే, ఇంట్లో గొడుగెందుకని అడిగి, నడినెత్తిన ఎండ పెట్టుకొని చెమటలు కార్చుకుంటూ కూర్చునేవాడు.

ఈ పరీక్షలో మొదట బలైనవాడు అంకయ్య. సారుకు మంచినీళ్లు తెద్దామన్న తొందరలో ముగ్గు గీత దాటి వచ్చాడు. సారు దరఖాస్తు మడిచి వాపస్ ఇచ్చాడు.

"గోడల నుంచి వచ్చినవ్ అంకయ్యా."

"గోడ ఏడున్నది సారూ?"

"గోడ లేదా? మరి పర్మిషన్ దేనికి అడుగుతున్నవ్?"

అంకయ్య పోయి సర్పంచ్ ముత్తయ్య పటేలుకు మొరపెట్టుకున్నాడు. పటేలు మండిపడి పై ఆఫీసుకు ఫిర్యాదు పంపించాడు. ఆ ఆఫీసువాళ్లు చాలాకాలం రూల్సు పుస్తకాలన్నీ తిరగేసి, ముగ్గు పోయరాదని ఎక్కడా రాసి లేదని తేల్చారు. ఇక అడిగేవాడెవడు?

అలాంటి మహానుభావుడి చేతిలో పడ్డాడు పత్తి రైతు రాజలింగు. పోయినేటి వానలకు వాళ్ల పాత ఇల్లు కూలిపోయింది. అప్పటి నుంచి పెళ్లాం మల్లక్క, ఇద్దరు పిల్లలు, అక్క యాదవ్వతో కలిసి ఎడ్ల కొట్టంలోనే ఉంటున్నాడు. ఒక కొసకు ఎడ్లు, ఒక కొసకు వీళ్లు. కొట్టం గడ్డికప్పు కూడా కుళ్లి ఉంది. మిరుగు కార్తె వానలు పడేలోపు ఇంటి కప్పు లేవకపోతే పిల్లల్ని తీసుకొని ఎవరి అరుగు మీద తలదాచుకోవాలో తెలియదు. రాయి తెచ్చిపెట్టాడు. మేస్త్రీ పోశం మిరుగు పడగానే తన చేనుకు తాను పోతానని ముందే చెప్పాడు. ఇక కావలసింది డిపో కర్ర, దానికి సారు సంతకం.

మొదటిసారి సారు వస్తుంటే రాజలింగు రెండు చేతులూ జోడించి ఎదురుపోయాడు. భక్తి ఎక్కువై దర్వాజా సంగతి మరిచిపోయి, నేరుగా గోడలోంచే పోయాడు. దరఖాస్తు వాపస్.

రెండోసారి పోశం సలహా మీద ఒక కోడిపెట్టను సిద్ధం చేశాడు. పైసలు ముట్టకపోయినా కోడిని కాదనేవాడు మా జిల్లాలో పుట్టలేదని పోశం ధీమా. సారు కోడిని ఒళ్లో పెట్టుకొని దువ్వుతూ, ఇది ఇంటి మనిషేనా అని అడిగాడు. రాజలింగు అవునన్నాడు. "మరి దీని గూడు ఏడ గీసినవ్?" అన్నాడు సారు. రాజలింగు నోరు తెరిచేలోపు కోడి దూకి, వంటర్ర గోడలోంచి, పత్తి అర్ర గోడలోంచి, సారు ముందు నుంచే తాపీగా నడుచుకుంటూ పోయింది. దరఖాస్తు మళ్లీ వాపస్. గోడలు తెలియని కోడి కోసం మనుషులు కొట్టంలో ఉండాలా అని ఆ రోజంతా రాజలింగు గోడుగోడుమన్నాడు.

మూడోసారికి మాత్రం పకడ్బందీగా సిద్ధపడ్డాడు. కోడికి దక్షిణం పక్కన గూడు గీశాడు. పత్తికి ఒక అర్ర, పిల్లలకొకటి, తమకొకటి, వంటకొకటి. పిల్లలిద్దరికీ దర్వాజాలోంచి నడవడం నేర్పాడు. కోడిని గంప కింద మూశాడు. సారు వచ్చాడు, గాలిని తట్టాడు, లోపలికి వచ్చాడు. మల్లక్క వండింది, యాదవ్వ వడ్డించింది, అందరూ తిన్నారు. ఒక్కరి కాలు కూడా ముగ్గు తొక్కలేదు. రాజలింగు గుండె పొంగిపోతోంది.

"ఇప్పుడు రాత్రయిందనుకోండ్రి. ఎవల జాగల వాళ్లు పండుకోండ్రి," అన్నాడు సారు.

మొగుడూ పెళ్లాం వాళ్ల అర్రలో, పిల్లలు వాళ్ల అర్రలో పండుకొని కళ్లు మూసుకున్నారు. నవ్వొచ్చినా బిగబట్టుకున్నారు. కాసేపటికి రాజలింగు కళ్లు తెరిచేసరికి సారు సంతకం చెయ్యకుండానే దరఖాస్తును మళ్లీ సంచిలో పెట్టుకుంటున్నాడు.

రాజలింగుకు కోపం నషాళానికి అంటింది. గోడ ఎవరు దాటారో చూపించమని అడ్డం నిలబడ్డాడు. ఎవరూ దాటలేదని, గోడలన్నీ బరాబర్ ఉన్నాయని సారు ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, వంగి దర్వాజా దాటి, చెప్పులేసుకొని, గొడుగు తెరుచుకొని వెళ్లిపోయాడు.

రాజలింగు ఆయన ఏడు తరాలనూ తిట్టాడు. తిట్టి తిట్టి గొంతు ఎండిపోయి, నీళ్లిమ్మని అక్కను పిలిచాడు. పలకలేదు. చూస్తే యాదవ్వ ముగ్గు గీతకు బయట, ఎడ్ల కుడితి గోలెం పక్కన, మొఖం మీద కొంగు కప్పుకొని మోచెయ్యి తలకింద పెట్టుకొని పండుకొని ఉంది. అందరూ పండుకున్నాక ఆమె తన చాప చంకన పెట్టుకొని, దర్వాజాలోంచే బయటికి నడిచి, అక్కడ పరుచుకుంది. గోడ దాటలేదు, గీత చెరపలేదు.

"గీడ పండుకున్నవేందక్కా?"

"లోపల అందరికి సరిపోయింది గదరా. నాకు గీడ గాలి మంచిగొస్తంది," అంది యాదవ్వ లేచి కూర్చుంటూ.

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అదే రాజలింగును కోసేసింది. చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. కన్న అవ్వ చచ్చిపోయాక తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచిన మనిషి. పాత ఇంట్లో వసారా లాంటి సాయబానులో పత్తి మూటల పక్కన పండుకునేది. అక్కడే ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు అదే పత్తికి రాజలింగు అర్ర గీశాడు. కోడికి గూడు గీశాడు. అక్క యాదికి రాలేదు. సిగ్గుతో వాడికి నెత్తి ఎత్తబుద్ధి కాలేదు.

సున్నం డబ్బా తీసుకొని పత్తి అర్రను కాలితో చెరిపేశాడు. మల్లక్క మొగుడి మొఖం చూసింది, వదినె మొఖం చూసింది. వంటర్ర గోడను ఆనుకొని గీయమని, చలికాలం పొయ్యి వెచ్చదనం వదినెకు తగులుతుందని మాత్రం చెప్పింది. ఆదిలాబాద్ చలి తెలిసిన మనిషి. పత్తి మూటలు తమ అర్రలోనే పెట్టుకుందామని కూడా తనే అంది. యాదవ్వ వద్దు వద్దంటూనే ఉంది, ఎవరూ వినలేదు.

మర్నాడు రాజలింగు పంచాయతీ ఆఫీసుకు పోయాడు. దరఖాస్తు మాట ఎత్తలేదు.

"అక్క సంగతి ముందే చెప్తే అయిపోతుండె గద సారూ. ఊకె కోడని, గోడని ఎందుకు తిప్పిండ్రు?"

కైలాసం సారు కళ్లద్దాలు తీసి ధోవతి కొసతో తుడుచుకున్నాడు.

"నేను చెప్తె అది సర్కారు హుకుం అయితది రాజలింగూ. హుకుంతోని ఇచ్చిన అర్రల ఎవ్వలకన్న నిద్ర పడతదా?"

రాజలింగుకు అప్పుడు అంకయ్య ఇల్లు కళ్లముందు మెదిలింది. కళ్లు కనపడని వాళ్ల బాపు మంచం ఇవాళ వాకిటి దర్వాజా పక్కనే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లందరూ ముసలాయనతో మాట్లాడి పోతారు. అది తన తెలివేనని అంకయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడు. సారు ఒక్కనాడూ కాదనలేదు.

ఆ మధ్యాహ్నమే సారు రాజలింగు ముగ్గింటికి చివరిసారి వచ్చాడు. ఎప్పటిలాగే తట్టి, వంగి లోపలికి వచ్చి, అర్రలన్నీ చూసుకుంటూ యాదవ్వ అర్ర దగ్గరికి పోయి గాలిని తట్టాడు. జవాబు లేదు. తుమ్మచెట్టు నీడ ఆ అర్ర నిండా పడింది. మంచం పడుతుందో లేదో చూద్దామని వాల్చిన మంచం మీద, ఊకె నడుం వాలుస్తానని ఒరిగిన యాదవ్వ నిద్రపోతోంది. కాళ్లు చాపుకొని, గురకపెట్టి మరీ.

"లేపుదునా సారూ?" అంది మల్లక్క.

"తలుపు పెట్టుకున్నది గద. ఎట్ల లేపుతం?" అన్నాడు సారు గుసగుసగా.

సైకిలు సీటు మీద పెట్టి సంతకం చేశాడు. ముత్తయ్య పటేలు పంచాయతీ ముద్ర వేసే మొహరు పట్టుకొని దూరం నుంచే కేకలేసుకుంటూ వచ్చాడు, ఇంకా ఎన్నాళ్లీ నాటకమని. అందరూ ఒక్కసారే నోటి మీద వేలు పెట్టుకున్నారు. పటేలు బిత్తరపోయి చుట్టూ చూశాడు. ఏమనిపించిందో ఏమో, చెప్పులు విడిచి చేతబట్టుకొని, గోడ చుట్టూ తిరిగి దర్వాజాలోంచే లోపలికి వచ్చి, శబ్దం రాకుండా మొహరు వేశాడు.

డిపో మూసేలోపు ఇచ్చోడ చేరాలి. రాజలింగు బండి కట్టాడు, కాగితం రుమాలులో దోపుకున్నాడు. ఎడ్లు మెడలు విదిలిస్తే గంటలు మోగబోయాయి. వాడు గబుక్కున ఆ గంటలు విప్పి మల్లక్క చేతికిచ్చి, ఎడ్లను మెల్లగా చేత్తో పట్టుకొని బండిని డిపో బాట పట్టించాడు.