పెద్దమ్మను మట్టిచేసిన వాన రోజు

మొన్నటి వానాకాలం, ముసురు పట్టిన ఓ ఉదయం, మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ లేస్తలేదు. పిలిస్తె పలుకుతలేదు. జల్ది రా, వాగు పెరుగుతున్నది" అన్నాడు. చావు కబురుతోపాటే వాగు మాట కూడా రావడంతో ఉన్నపళంగా బయల్దేరాను.

తెలకపల్లిలో బస్సు దిగి మా ఊరికి ఆటో ఎక్కాను. పట్టపగలే డ్రైవర్ లైట్లు వేశాడు. పత్తి చేలన్నీ చెరువుల్లా ఉన్నాయి. మా ఆటో దాటిన కాసేపటికే వాగు మీది కల్వర్టు మునిగిపోయింది.

చదివే మీరెవరూ ఆమెను ఎరగరు. మా ఊళ్లో కతోలిక ఇళ్లు కొన్నే. ఏ ఇంట్లో చావు జరిగినా ముందు పోయేది పెద్దమ్మే, జపమాలతో, నీళ్ల చెంబుతో. పూణెలో కట్టుబడి పనికి పోయిన నా భర్త పైనుంచి పడి చనిపోయినప్పుడు, శవం ఊరికి రాకముందే నా పక్కన వచ్చి కూర్చుంది. నేను దేవుణ్ణి తిడుతుంటే వద్దనలేదు.

"తిట్టు బిడ్డా. గాని ముందుగాల నీళ్లు తాగు. దేవుడు జర ఆగుతడు" అంది.

నాకు నోరు పెగిలేదాకా రోజూ వచ్చి, జపమాలలో నా వంతు కూడా తనే చెప్పింది.

అలాంటి మనిషి చివరి నెలల్లో, నేను చూడబోయినప్పుడల్లా, అన్నం తింటూ తింటూ ఆగి, గుమ్మం వైపు చూసేది. "ఎవరో వాకిట్ల నిలబడ్డట్టున్నది, చూడు" అనేది. చూస్తే ఎవరూ ఉండరు. కుక్క మాత్రం అటే చూసి మూలిగేది.

"భయమైతున్నదా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఎందుకు గాదు? భయం పోయినంక జపం చేద్దమంటె ఎన్నటికి చెయ్యం. గా భయంతోనే చేస్త. ఫాదర్ ప్రార్థన లేకుంట మాత్రం నన్ను మట్టిల పెట్టొద్దు."

ఆ కోరికే తీరేలా లేదు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఫాదర్ వాగు అవతలే చిక్కుకుపోయారు. వాగు ఒడ్డునే ఉన్న సమాధుల తోటలో గుంత తవ్వుతుంటే అడుగున నీళ్లు ఊరుతున్నాయి. తోడినకొద్దీ ఊరుతున్నాయి. "గిది మంచిగ లేదు" అని ఎవరో గొణిగారు. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మ గొకటే అడిగింది గదక్కా. ఎట్ల చేద్దం?" అని ఏడ్చాడు.

ఇంతలో ఫాదర్ ఫోన్ చేశారు. "శవపెట్టెను ఒడ్డుకు తీసుకురండి. నేను ఇక్కడి నుంచే ప్రార్థిస్తాను. ఇంట్లో దీవించిన తీర్థం ఉంటే మీరే చల్లండమ్మా."

పెద్దమ్మ ఇంట్లో మరియమ్మ బొమ్మ పక్కన తీర్థం సీసా ఉంది. తెచ్చి, పెట్టె మీద చల్లాను. ఫాదర్ గొంతు వాగు హోరులో కలిసిపోతోంది. అందరూ నా వైపు చూశారు. "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ" అంటూ నేనే పరలోక జపం ఎత్తుకున్నాను. తమ్ముడు అందుకున్నాడు, తర్వాత అందరూ అందుకున్నారు. భయం పోలేదు గానీ, నిలబడడానికి కాస్త ఆసరా దొరికింది.

గుంతలో నీళ్లు తోడుతూనే పెట్టెను దించి, మట్టి పూడ్చేసరికి వాగు నీళ్లు ఒడ్డెక్కాయి. అందరం గబగబా పైకి నడిచాం. వెనక్కి తిరిగి చూస్తే, అవతలి గట్టున తెల్లంగీలో ఫాదర్ తడుస్తూ అక్కడే ఉన్నారు. ఎర్రనీళ్లు ఆయన కాళ్లను తాకుతున్నాయి. దీవిస్తూ ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.