మస్తాన్‌బీ కట్ చేయని కాల్స్

మిర్చి సీజన్ ముమ్మరంగా ఉన్న ఒక మార్చి నెలలో పెదకాకాని దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీకి మా కంపెనీ నన్ను పంపింది. అప్పటి నా హోదా సీనియర్ సపోర్ట్ ఇంజినీర్. మా శాఖలో జూనియర్లు లేరు కాబట్టి ఆ సీనియారిటీకి ఎదురులేదు. అక్కడి ఆఫీసులో ఇంటర్నెట్ కేబుల్ మీద నడిచే డెస్క్ ఫోన్లు మేమే బిగించాం. రోజూ పదకొండు గంటల ప్రాంతంలో రైతులు మాట్లాడుతుండగానే కాల్ తెగిపోతోందని ఫిర్యాదు.

నేను వెళ్లేసరికే కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారు దర్యాప్తు ముగించి తీర్పు కూడా ఇచ్చేశారు. దోషి ఆపరేటర్ మస్తాన్‌బీ.

"రైతులంటే చులకనండీ ఆ అమ్మాయికి. మాట మధ్యలోనే టక్కున పెట్టేస్తది. మీరొక్క ముక్క రాసివ్వండి, కాటా దగ్గరికి మార్చేస్తా" అన్నారు.

కాటా అంటే లారీలు తూచే చోటు. అక్కడ రోజంతా మిరప దుమ్మే. మస్తాన్‌బీకి ఉబ్బసం.

"నేను కట్ చెయ్యట్లేదు సార్. ఫోనే చచ్చిపోద్ది, కాసేపటికి దానంతటదే లేస్తది" అందామె.

చచ్చి లేచే ఫోన్ల గురించి శిక్షణలో మాకు చెప్పలేదు. నేను లాగ్ తెరిచాను. ఫోన్లను నడిపే సర్వరు పై అంతస్తులో ఉంటుంది. ఒక్కో ఫోను కాసేపటికోసారి 'నేనున్నాను' అని దానికి హాజరు పలుకుతుంది. ఎప్పుడు పలికిందో, ఎప్పుడు పలకలేదో సర్వరు సమయంతో సహా రాసుకుంటుంది. ఆ రాతే లాగ్. పదకొండు గంటల దగ్గర చూస్తే ఫోన్లన్నీ బుద్ధిగా హాజరు. తెల్లవారుజామున ఐదున్నరకు మాత్రం అన్నీ ఒక్కసారే మాయమై, కాసేపటికి తిరిగొచ్చాయి. ఆ వేళ ఆఫీసులో ఎవరుంటారు? కరెంటు పోయి ఉంటుందని తేల్చేశాను. 'ఫోన్లలో లోపం లేదు, ఆపరేటర్ పొరపాటు' అని రాసి, కింద హోదాతో సహా సంతకం పెట్టాను. మేనేజరు గారు మజ్జిగ ఇప్పించారు.

మస్తాన్‌బీ కాటా దగ్గరికి వెళ్లింది. ఆమె కుర్చీలో మేనేజరు గారి బావమరిది కూర్చున్నాడు. కాల్స్ మాత్రం మనుషుల తేడా చూడకుండా అలాగే తెగిపోతున్నాయి. నన్ను మళ్లీ పిలిచారు.

ఈసారి లాగ్‌లో చివరి వరుస చూస్తే, అప్పుడే పడిన వరుసకు ఐదుంపావు అని ఉంది. గోడ గడియారంలో పదింముప్పావు. సర్వరు గ్రీనిచ్ కాలమానంలో నడుస్తోంది. దానికి మన సమయం పెట్టవలసింది, బిగించిన రోజున, నేనే. ఐదున్నర గంటలు కలిపితే ఆ తెల్లవారుజాములన్నీ పదకొండు గంటలయ్యాయి.

ఫోన్లన్నీ ఒకేసారి పోతున్నాయంటే, వాటికి కరెంటూ ఇంటర్నెట్టూ పంచే స్విచ్ పెట్టె పోతున్నట్టే. ఆ పెట్టె మేనేజరు గారి గదిలో ఉంది. అక్కడే కూర్చున్నాను. పదకొండుకు తొలి లారీ కాటా ఎక్కింది. ఘాటు గదిలోకి కొట్టింది. మేనేజరు గారు నాలుగు తుమ్ములు తుమ్మి, తలుపు మూసి, గోడకున్న ప్లగ్గు పీకి టేబుల్ ఫ్యాన్ ప్లగ్గు పెట్టారు. అవతలి గదిలో బావమరిది "హలో... హలో..." అంటున్నాడు.

"ఏం పీకారండీ?" అన్నాను.

"అదా? ఊరికే లైట్లు మినుక్కుమంటా ఉండే పెట్టండీ. దానికేం పని? గాలి ఆడంగానే మళ్లీ పెట్టేస్తాగా!"

రెండో నివేదికలో నిజం రాయబోతే మా బాసు ఫోన్ చేసి, కస్టమరును నొప్పించవద్దన్నాడు. 'విద్యుత్ అంతరాయం వల్ల' అని రాశాను. అంతరాయం ఎదురుగా కూర్చుని తుమ్ముతూనే ఉంది. మొదటి నివేదికను వెనక్కి తీసుకోలేదు. మస్తాన్‌బీని వెనక్కి పిలవలేదు.

వెళ్తూ కాటా దగ్గర ఆగి, తప్పు ఆమెది కాదని ఇప్పుడు తెలిసిందన్నాను. ముక్కుకు చుట్టుకున్న చున్నీ కిందికి లాగింది.

"మీకు ఇప్పుడు తెలిసిందేమో సార్. నాకు అప్పుడే తెలుసు" అని, దగ్గు ఆపుకుని తర్వాతి లారీని కాటా మీదికి రమ్మంది.

స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కనుక ఇప్పుడు నొప్పించకూడని కస్టమర్లు నాకు లేరు. ఆమె ఒక్క కాల్ కూడా కట్ చేయలేదు. ఈ పనిలోకి వచ్చేవారికి చెప్పేది ఇది: లాగ్ తెరవగానే దాని గడియారాన్ని గోడ గడియారంతో సరిచూడండి. అవి రెండూ కలిసేదాకా నివేదికలో ఎవరి పేరూ రాయకండి.