నెహెమ్యా కూర్చోకుండా ఇచ్చిన సీటు

నరసరావుపేటలో లారీ షెడ్ల వెనక రేకుల కొట్టు పెట్టుకున్న సీట్ల మేస్త్రి నెహెమ్యాకు ఒక మొండిపట్టు ఉండేది. తాను చేసిన సీటు మీద తాను కూర్చుని కొంత దూరం పోయి చూడందే బండి అప్పగించేవాడు కాదు. లారీ అయితే పిడుగురాళ్ల దాకా గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ పోయి, సున్నపు బట్టీల దగ్గర దిగి, పేటకు వచ్చే ఇంకో లారీ పట్టుకుని తిరిగొచ్చేవాడు. ఇంటికి రాగానే భార్య మార్తమ్మ ఆయన నెత్తిన సున్నపు దుమ్ము దులుపుతూ, సీటు చెయ్యమంటే ఊరేగి వచ్చావా అని ఎగతాళి చేసేది.

"కూర్చోకుండా ఇస్తే అది సీటు కాదే, బల్ల" అనేవాడు నెహెమ్యా.

ఆయన తండ్రి జక్కయ్య గురజాల దారిలో ఉన్న ఒక పల్లెలో మోటబావులకు తోలు బొక్కెనలు, రైతులకు చెప్పులు కుట్టేవాడు. ఊరందరికీ చెప్పులు తొడిగిన ఆ మనిషి పెద్దబజారు రాగానే తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవాడు. తలకు చుట్టిన గుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. నెహెమ్యా ఆయన వెనకే నడిచి పెరిగాడు కాబట్టి, తలకు గుడ్డ చుట్టడమనే అలవాటే ఆయనకు అబ్బలేదు. ఎండలో కూడా బోడితలతోనే తిరిగేవాడు. ఆయిల్ ఇంజన్లు వచ్చి మోటలు మూలపడ్డాక, సూదులూ మైనపు దారమూ మూట కట్టుకుని పేటకు వచ్చాడు. తోలు కుట్టిన చేతికి రెక్సిన్ ఒక లెక్క కాదు. పదేళ్లు తిరిగేసరికి, మాచర్ల నుంచి వచ్చే లారీవాళ్లు కూడా నెహెమ్యా కొట్టు ఎక్కడని అడుగుతూ వచ్చేవాళ్లు.

పేటలోనే ఉండే గురునాథానికి ఒక పాత ఫోర్డు కారు ఉండేది. యుద్ధానికి ముందుది. దాన్నే టాక్సీగా తిప్పుకుంటూ, పెళ్లిళ్లకూ ఆసుపత్రికీ కోర్టు పనులకూ జనాన్ని చేరవేసేవాడు. ఇంజను గట్టిదే గానీ సీట్లు మాత్రం చచ్చిపోయాయి. ఎక్కినవాళ్లు దిగబోతే లోపలి స్ప్రింగు పంచె పట్టుకుని వదిలేది కాదు. అరవై ఒకటిలో పేట టాక్సీ స్టాండులోకి ఒక కొత్త అంబాసిడర్ వచ్చి నిలబడింది. దాంతో మనవాడి కారు వైపు చూసే నాథుడు లేకుండా పోయాడు. అదే ఏడు చలికాలంలో పిడుగురాళ్ల అవతల ఇంకో అంబాసిడర్ కల్వర్టును గుద్దుకుని ముందుభాగం నుజ్జయింది. వెనక భాగం చెక్కు చెదరలేదు. గురునాథం పోయి ఆ కారు సీట్లు మాత్రం కొనుక్కుని, ఎడ్లబండి మీద గడ్డి పరిచి, కొత్త కోడల్ని తెచ్చినంత భద్రంగా నెహెమ్యా కొట్టు ముందు దింపాడు. ఎర్ర రెక్సిన్ ఎండకు తళతళలాడుతోంది.

కొత్త కారు సీటు పాత కారులో పట్టదు. వెనక సీటు నాలుగంగుళాలు వెడల్పు ఎక్కువ. మరొకడైతే అంచు కోసి, రెక్సిన్ లోపలికి మడిచి మేకులు కొట్టేవాడు. నెహెమ్యా అలా చెయ్యలేదు. ఆ రెక్సిన్ కుట్లు ఒక్కొక్కటే విప్పాడు, ఎక్కడా చిరగకుండా. ఒక వరస స్ప్రింగులు తీసేసి, ఇనప చట్రాన్ని యాకూబ్ వెల్డింగు కొట్లో కోయించి అతికించాడు. పీచు పాతదాన్నే దులిపి మళ్లీ పరిచాడు. తిరిగి కుట్టేటప్పుడు ఒక్క కొత్త బెజ్జం పొడవకుండా, పాత బెజ్జాల్లో నుంచే సూది పోనిచ్చాడు. పధ్నాలుగు రోజులు పట్టింది. పని అయ్యాక యాకూబ్ వచ్చి అంచు మీద వేలు పెట్టి రాసి చూసి, కోసింది ఎక్కడో తనకే తెలియడం లేదన్నాడు. యాకూబ్ నోట మెచ్చుకోలు రావడం పేటలో చిన్న విషయం కాదు.

ఇక మిగిలింది కూర్చుని చూడడం. నెహెమ్యా చెయ్యి కడుక్కుని కారు తలుపు మీద చెయ్యి వేశాడు. గురునాథం అడ్డం వచ్చాడు.

"ఒరేయ్ నెహెమ్యా, ఎల్లుండి మాచర్లకు పెళ్లివాళ్లని తీసకపోవాల. కొత్త సీటు. ముందుగాల వాళ్లు కూకుంటేనే బాగుంటది."

అందులో తిట్టు లేదు, కోపం లేదు. కానీ ఆ మాటకు అర్థం ఏమిటో నెహెమ్యాకూ తెలుసు, అన్నవాడికీ తెలుసు. లారీ సీటు డ్రైవరుది, ఎవరు కూర్చున్నా అడిగేవాడు లేడు. ఇది పెద్దమనుషులు ఎక్కే టాక్సీ. నెహెమ్యా తలుపు మీద నుంచి చెయ్యి తీశాడు. పదేళ్ల పట్టు ఆ నిమిషాన వదిలేశాడు. కొట్లో స్టూలు మీద కాళ్లు కిందికి పెట్టి కూర్చుని, యాకూబ్ చేత స్టూలు నుంచి తన నడినెత్తి దాకా టేపుతో కొలిపించి, సీటుకూ కారు కప్పుకూ మధ్య ఆ కొలత సరిపోతుందని చూసి బండి ఇచ్చేశాడు.

పెళ్లికొడుకు తండ్రి వెంకటప్పయ్య వంద ఎకరాల ఆసామి. గంపంత తలపాగా చుట్టి కారెక్కాడు. ఈ వైపు ఆసాములు కారెక్కినా, మంచమెక్కినా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోరు. ఒక కాలు కింద మడిచి, దాని మీద కూర్చుంటారు. ఆయనా అలాగే కూర్చున్నాడు. పాత సీటు కింద పనిముట్లు పెట్టుకునే చెక్కపెట్టె ఒకటి ఉంది. దాని మీద కొత్త స్ప్రింగుల ఎత్తు, ఆ పైన మడిచిన కాలు, అన్నిటికీ పైన తలపాగా. కారు కదలగానే కప్పు కమ్మీ తలపాగాను నొక్కింది. గుంత వచ్చినప్పుడల్లా అది ఊడి ఒళ్లో పడింది. దాచేపల్లి దాటేసరికి ఆయన విసిగిపోయి దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. మాచర్లలో మేళం ఎదురొచ్చి కారును చుట్టుకుంది. చుట్టుకునే తీరిక లేక, వియ్యంకుల ముందు బోడితలతో దిగాడు. పల్నాటిలో మగవాడికి అంతకన్నా చిన్నతనం లేదు. ఈ కారు మళ్లీ మా గుమ్మం ముందు కనపడితే కాల్చేస్తానని గురునాథంతో అక్కడే చెప్పాడు.

మర్నాడు పొద్దున గురునాథం కారు తెచ్చి కొట్టు ముందు ఆపి, జరిగిందంతా చెప్పి నిప్పులు చెరిగాడు. షెడ్లలో ఉన్న లారీవాళ్లంతా మూగారు. మార్తమ్మ గుమ్మంలో బిక్కచచ్చి నిలబడింది. పేటలో నెహెమ్యా పనికి వంక పెట్టినవాడు అప్పటిదాకా లేడు. ఆ మంచిపేరు తప్ప ఆయనకు ఇంకో ఆస్తీ లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో వింటుండగానే నెహెమ్యాకు తెలిసిపోయింది. టేపుతో కొలిచింది తన తల. గుడ్డ చుట్టని తల. పైన ఇంకో జానెడు ఎత్తు ఉంటుందని ఆయన మనసుకు తట్టనే లేదు. ఎలా తడుతుంది? తండ్రి ఏనాడో తీసి చంకలో పెట్టుకున్న గుడ్డ అది.

"తప్పు నాదే" అన్నాడు. "పెట్టె కోసి సీటు దింపుతా. కానీ అయ్యా, ఈసారి నేను కూకోకుండా ఇయ్యను. ఆయన కూకున్నట్టే, కాలు మడుచుకోని, తలపాగా చుట్టుకోని కూకుంటా. మాచర్ల దాకా. కాదంటే బండి ఇప్పుడే తీసకపో."

గురునాథం చుట్టూ చూశాడు. యాకూబ్ ఆకాశంలోకి చూస్తున్నాడు. మిగతావాళ్లు గురునాథం మొహంలోకే చూస్తున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. బుద్ధి రావడానికి కాస్త సమయం పట్టే మనిషి, అంతే. సరే కానీ అన్నాడు.

మూడు రోజుల్లో పెట్టె కోసి, సీటు దించి, బిగించాడు. మార్తమ్మ తన ముతక చీరల్లో ఒకదాన్ని చింపి ఇస్తే, యాకూబ్ దాన్ని నెహెమ్యా తలకు చుట్టాడు. చుట్టుకోవడం ఆయనకు చేతకాలేదు మరి. మార్తమ్మ ఈసారి ఎగతాళి చెయ్యలేదు. గురునాథం స్టీరింగు పట్టుకున్నాడు. నెహెమ్యా వెనక ఎర్ర సీటు మీద కాలు మడుచుకుని కూర్చున్నాడు. తలపాగాకూ కప్పుకూ మధ్య రెండు వేళ్ల సందు. గుంత వచ్చినప్పుడు చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తగల్లేదు. పిడుగురాళ్ల దాటినా తగల్లేదు.

గురజాల దారిలో నెహెమ్యా సొంత ఊరి పెద్దబజారుకు వచ్చేసరికి ఇంజను వేడెక్కి ఆవిరి కక్కింది. గురునాథం బావి ఎదురుగా కారు ఆపాడు. నెహెమ్యా చెయ్యి దానంతట అదే తలపాగా మీదికి పోయింది. కారు ఆగితే డబ్బా పట్టుకుపోయి నీళ్లు పోయమని అడగాల్సింది ఎవరు? తనే. దిగడానికి కాలు కిందికి దించబోయాడు.

గురునాథం అద్దంలో నుంచి చూశాడు.

"నువ్వు దిగమాక మేస్త్రీ. కూకున్నదంతా చెడిపోద్ది" అని డబ్బా తీసుకుని తనే బావి దగ్గరికి నడిచాడు.

అరుగుల మీద చుట్టలు కాలుస్తున్న ముసలివాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కారులోకి చూశారు. లోపల ఎవరయ్యా అని ఒకాయన అడిగాడు. ఈ సీట్లు చేసిన మేస్త్రి అని చెప్పి, గురునాథం నీళ్లు తోడుకున్నాడు. ఆ మొహం జక్కయ్యదిలాగే ఉందని వాళ్లలో ఒకరికి అనిపించే ఉంటుంది, పెదవి కదిలింది. కానీ ఆ పెదవుల మధ్యకు మళ్లీ చుట్టే పోయింది. నెహెమ్యా తలపాగా మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నీళ్లు పోసి, మూత బిగించి, గురునాథం బండి కదిలించేదాకా అలాగే కూర్చున్నాడు. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

ఊరు దాటాక తలపాగా కొస లాగి కళ్లు తుడుచుకున్నాడు. అద్దంలో అది గురునాథం కంటపడింది.

"ఏం మేస్త్రీ, స్ప్రింగు గుచ్చుకుంటందా?"

"లేదయ్యా" అన్నాడు నెహెమ్యా. "బాగుంది. చానా బాగుంది."