సామర్లకోట కాలువ మీద అరుంధతి

పోయిన మాఘంలో మా మేనకోడలి పెళ్ళయింది. తెల్లవారుజామున పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా కనబడిందన్నారు. నేనూ అన్నాను. నిజానికి నాకు వశిష్ఠుడొక్కడే కనబడ్డాడు. అరుంధతి కనబడనివాడు ఆరు నెలలు దాటడని మా వైపు మాట. ఇంట్లో చెప్పలేదు. పిఠాపురం దర్శనమని మా ఆవిడను బయలుదేరదీశాను. కొత్త కాపురానికి ఆమెను తెచ్చింది సామర్లకోట కాలువ మీదే. ఆ దారిన ఇంకొక్కసారి ఆమెతో వెళ్ళాలనిపించింది.

చైత్ర బహుళంలో, పొద్దున్నే ధవళేశ్వరం లాకు దగ్గర పడవెక్కాము. సామర్లకోటకు మనిషికి ఆరణాలు. గట్టు మీద ఇద్దరు తాడు పట్టి లాగుతుంటే పడవ మనిషి నడకతో సాగుతుంది. కడియం దాటాక మా ఆవిడ నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఆనాడూ అలాగే పెట్టి గాజు జారవిడుచుకుంది.

"ఇక్కడేనండీ పోయింది."

"వెతకనా?"

"నలభై ఏళ్ళకు అడిగారు," అని నవ్వింది.

చీకటి పడేసరికి అనపర్తి దాటి పడవ ఆపారు. తెచ్చుకున్న పులిహోర తిని బయట కూర్చున్నాము. ఉత్తరాన సప్తర్షులు పైకొచ్చారు.

"అరుంధతి కనబడుతోందా అండీ?" అంది ఆవిడ. ఇంటి దగ్గర అడిగినప్పటిలాగే అంచనాగా వేలు చూపించాను.

పడవవాళ్ళకు వంట చేసే మస్తాను పక్కనే ఎసరు పెడుతున్నాడు. కోరంగి ఓడల మీద చాలా రేవులు తిరిగినవాడు. "అరబ్బులు దాన్ని సుహా అంటారండి. దొరలైతే పెద్ద చుక్కని గుర్రమనీ, దీన్ని రౌతనీ అంటారు. ఓడలో మా కళ్ళకి పరీక్ష అదేనండి."

"కనబడకపోతే?" అన్నాను.

"చుక్కాని ఇవ్వరండి. నాకు కనబడక పన్నెండేళ్ళు. అప్పుడే గరిటె ఇచ్చారు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "విన్నారుగా, పన్నెండేళ్ళట. రెండు నెలలుగా మీరు చూపించేది వేరే చుక్కండీ. మీ కోసం అమ్మవారికి మొక్కుకుందామనే వచ్చాను," అంది.

మర్నాడు సామర్లకోటలో దిగి, ఎడ్లబండి మీద మధ్యాహ్నానికి పిఠాపురం చేరాము.

ఇది రాసేసరికి ఆశ్వయుజం వెళ్ళిపోయింది. ఆరు నెలలు ఎప్పుడు దాటాయో గమనించలేదు. మా వీధిబడిలో ఆ చుక్కకు ఒక్క పేరే చెప్పారు. ఇప్పుడు మూడు తెలుసు. మళ్ళీ చైత్రం వస్తే ఆవిడ చూసి చెబుతుంది, నేను వింటాను.

వెళ్ళేవారు మరమ్మతులకు కాలువ కట్టెయ్యకముందే వెళ్ళండి. పడవలో ఎడమ పక్క కూర్చుంటే ఉత్తరపు చుక్కలు బాగా కనబడతాయి. కళ్ళు ఆననివారు పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి.