దారంతో కొలిచి కొన్న కంప్యూటర్

నాకు సంతకం పెట్టడం వచ్చు, లారీ నంబరు చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. ఇది కూడా నేను చెబుతుంటే మా పాప రాస్తోంది. అయినా బళ్లారిలో కంప్యూటర్ల అంగట్లో నిలబడి, "ఈ కార్డు ఆ డబ్బాలో పట్టదు" అని చెప్పింది నేనే. ఆ మాట మొదటే రాయమన్నాను.

ఇనుప గనులు జోరుగా నడిచిన కాలమది. సండూరు కొండల నుంచి తోరణగల్లు దాకా రోడ్డు ఎర్రగా ఉండేది. ఆరేసిన చీర తీసేలోపే ఎర్రబడేది. మా ఆయన పోయి, ఆయన లారీ ఒక్కటి నాకు మిగిలింది. నడపడానికి డ్రైవరు ఉన్నాడు గానీ లారీ విడి సామాన్లు మాత్రం నేనే కొనేదాన్ని. పాత సామాను పొడవు ఎంతుందో దారం మీద ముడి వేసుకుని అంగడికి పోవడం మా ఆయన నేర్పిన పద్ధతి. అంకె అయితే దారిలో మర్చిపోతాను. ముడేసిన దారమైతే నా నడుములోనే దోపి ఉంటుంది.

పాప డిప్లొమా చదువుతూ కంప్యూటర్లు విప్పి బిగించడం నేర్చుకుంది. తోరణగల్లు కాలనీలో ఫ్యాక్టరీ ఉద్యోగస్తులకు ఆటలాడుకునే కంప్యూటర్ల మీద మోజు. ఒకటి తన చేత్తో కూర్చి చూపిస్తే పని దొరుకుతుందని దాని ఆశ. మరీ గొప్పది అక్కర్లేదు, ఆట మధ్యలో ఆగకుండా నడిస్తే చాలు. మా మరిది ఒప్పుకోలేదు. ఇంటికి మగదిక్కు ఆయనే.

"రెడీమేడ్‌ది తెచ్చుకోండప్పా, యాడైనా ఆడపిల్ల స్క్రూలు తిప్పుతాదా?" అన్నాడు.

"మా అమ్మ లారీకి కమాను పట్టీలు మార్పించలేదా, చిన్నాయనా?" అంది పాప.

"సరే. నువ్వు బిగించింది నడిస్తే నీ దారి నీది. నడవకుంటే ఇంక ఈ మాట ఎత్తొద్దు. టీచర్ ట్రైనింగుకు పోవాల."

పాప తల ఊపింది.

పోయే ముందు పాప నాకు అన్నీ చెప్పింది. ప్రాసెసర్ అంటే ఇంజనులాంటిది, మదర్‌బోర్డు అంటే చాసీలాంటిది. ఏ ఇంజనుకు ఆ చాసీయే కావాలి, కూర్చునే గుంట ఒకటే కావాలి. ర్యామ్ పట్టీకి ఒక గాటు ఉంటుంది, అది బోర్డులోని గాడితో కలవాలి. ఇదంతా నాకు కొత్తగా అనిపించలేదు. గేరు పళ్లు కలవకపోతే ఏమవుతుందో నాకు తెలియదా?

అంగడాయన మంచివాడే. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడతాడు. పాప చీటీ చూసి ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ తీసి పెట్టాడు. పాప డబ్బాల మీద అక్షరాలు ఒక్కొక్కటి సరిచూసుకుంది.

"నోడమ్మా, సీలు తీసినాక వాపసు ఇల్ల, తీసుకోను," అన్నాడు నాతో. తర్వాత ఇవన్నీ లోపల బిగించే డబ్బా, క్యాబినెట్, చూపించి, "దీనికి ఎస్‌ఎంపీఎస్ ఫ్రీగా వస్తాది," అన్నాడు.

ఎస్‌ఎంపీఎస్ అంటే అన్నిటికీ కరెంటు పంచే పెట్టె. చేతిలోకి తీసుకున్నాను. ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. దొంగ డైనమో కూడా అట్లే ఉంటుంది.

"ఇది వద్దప్పా. బరువుండేది ఇంకోటి ఇయ్యి."

"అమ్మోరు తూకమేసి కొంటాండారు," అని ఆయన నవ్వాడు. పాప మాత్రం నవ్వలేదు. "అమ్మ చెప్పింది నిజమేనన్నా, గ్రాఫిక్స్ కార్డుకు ఇది చాలదు," అంది.

చివరికి ఆ గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. బొమ్మలు పరిగెత్తించేది అదేనట. దాని సీలు తీయనీయకుండా, షోకేసులో ఉన్న అలాంటి కార్డునే అడిగి తీసుకుని, నడుములో దారం తీసి కొలిచి ముడి వేశాను. ఆ దారాన్ని క్యాబినెట్ లోపల పట్టి చూస్తే ముడి పోయి, హార్డ్ డిస్కు పెట్టే తట్ట మీద పడింది. రెండు వేళ్లంత ఎక్కువ.

"పట్టదు పాపా."

పాప ముఖం వెలవెలబోయింది. గుంట చూసింది, గాటు చూసింది, కరెంటు చూసింది. పొడవు చూడలేదు. ఈ మాట రాయనంటోంది, రాయమన్నాను. అంగడాయన లోపలికి పోయి ఇంకా పొడవున్న క్యాబినెట్ తెచ్చాడు. ముడి అందులో సుఖంగా కూర్చుంది.

ఇక నా తప్పు చెబుతాను. ఇంట్లో పాప అంతా బిగించాక, ఎర్ర దుమ్ము లోపలికి పోకుండా ఉండాలని క్యాబినెట్ గాలి పీల్చే మూతికి దళసరి బట్ట రెండు మడతలేసి కట్టాను. లారీ ఎయిర్ క్లీనరుకు మేము కట్టుకునేదే. మరిది కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కారు పందెం ఆట మొదలైంది. రెండు పందేలు నడిచింది, టక్కున ఆరిపోయింది.

"ఐతు. అయిపాయె," అని మరిది లేచాడు.

"ఉండప్పా," అన్నాను. పక్క రేకు మీద చెయ్యి పెడితే పెనంలా కాలింది. నేను కట్టిన బట్టకు ఫ్యాను గాలి పీల్చలేకపోయింది. "పాప తప్పు కాదిది, నా తప్పు," అని బట్ట పీకేశాను. చిరిగిన దోమతెర ముక్క ఒక్క పొరగా కట్టాను. చల్లారేదాకా ఆగాం.

మళ్లీ వేసింది పాప. ఒక పందెం, రెండు, మూడు, ఐదు. మరిది కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆరో పందెంలో, "ఏయ్, ఆ మూలకాడ బ్రేకు పట్టాల పాపా," అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

తర్వాతి వారం కాలనీ నుంచి ఒక ఉద్యోగస్తుడు కంప్యూటర్ చూడటానికి వచ్చాడు. దీన్ని కూర్చింది ఎవరని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మరిది చెప్పాడు.

"మా పాప. కొలతలు మాత్రం మా వదినవి. ఆ దారం అడిగి చూడండి, నడుములోనే ఉంటాది."