ఉప్పు మీద కాల్చిన బాదం బిస్కెట్లు

మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. ఆ గౌరవానికి మా నాయిన ఒక నియమాన్ని జోడించారు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు.

కరీమాబాద్‌లోని మా ఇంటి ముందు గదిలో నాయిన దూది ఏకి పరుపులు కుడతారు. వెనుక గది వంటిల్లు. ఆ రెండింటి నడుమ నా కుర్చీ, నా పుస్తకాలు. ఆయన చెల్లెలిని, అంటే మా అత్తను, రొట్టెలు చేయడానికి మనిషి లేదని చిన్నప్పుడే బడి మాన్పించారట. తన బిడ్డకు అలా జరగకూడదని నాయిన పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్లనే నేను చదివాను. దానిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఉద్యోగంలో చేరిన తరువాత కూడా నేను చాయ్ గ్లాసు కడగబోతే అమ్మ నా చేతిలోంచి లాక్కునేది. పండుగనాడు ఆడవాళ్లందరూ వంటింట్లో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పనిచేస్తుంటే, నేను మధ్య గదిలో చుట్టపుచూపుగా వచ్చినదానిలా కూర్చునేదాన్ని. ఇక అలా కూర్చోదలచుకోలేదు.

మా ఇంట్లో షీర్‌ఖుర్మా పాయసం అమ్మది, బిర్యానీ అత్తది. నేను ఏది ముట్టుకున్నా, "జరుగు బిడ్డా, నేను చేస్త" అనే మాట సిద్ధంగా ఉంటుంది. అందుకే ఈ రంజాన్‌కు ఆ మాట ఎవరూ అనలేని వంటకాన్ని ఫోన్‌లో వెతికాను. ఇటలీలో చేసుకునే బాదం బిస్కెట్లు దొరికాయి. బాదం పొడి, మైదా, వెన్న, చక్కెర ఉంటే చాలు. ఓవెన్ లేని వాళ్లు కుక్కర్‌లో గళ్లుప్పు పోసి, దాని మీద బిస్కెట్ల పళ్లెం పెట్టి, మూతకు రబ్బరు, విజిల్ తీసేసి కాల్చుకోవచ్చని కూడా తెలిసింది. ఉప్పు లేని వెన్న కోసం హన్మకొండ చౌరస్తా దాకా వెళ్లి వచ్చాను.

నాయిన పరుపులు అప్పగించడానికి వెళ్లిన పూట పని మొదలుపెట్టాను.

"మీ నాయిన జూస్తే నన్నంటడు" అంది అమ్మ.

"నన్ను అనుమను."

అమ్మ బాదం పొట్లం వైపు చూసి, "బాదం గట్లనే ఏస్తవా ఏంది? నానవెట్టకుంటే ఒంట్ల వేడి జేస్తది" అంది.

మా ఇంట్లో నానబెట్టి పొట్టు తీయని బాదం పలుకు ఎవరి నోట్లోకీ పోదు. ఫోన్‌లో ఆ మాట లేకపోయినా నాకు అదే సబబుగా తోచింది. నానబెట్టి, పొట్టు వలిచి, మిక్సీలో వేశాను. అది పొడి కాలేదు. ఖీరులో కలిపే ముద్ద అయింది. ఎంత మైదా కలిపినా వేళ్లను వదల్లేదు. కుక్కర్ మూత తీసేసరికి బిస్కెట్లన్నీ కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అడుగు నలుపు, పైన పచ్చి.

పక్క గల్లీలో ఉండే అత్త అప్పుడే వచ్చి తొంగిచూసింది.

"ఇటలీల అట్లు గిట్లనే పోస్తరా బిడ్డా?"

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది. బేకరీలో కొనుక్కొద్దామని అమ్మ అంటే మాత్రం వద్దన్నాను. నానబెట్టడం అమ్మ మాట, దానిని తీసివేయను. తడిని మాత్రం ఎండకు అప్పగిస్తాను అనుకున్నాను.

మరునాడు వలిచిన బాదం పలుకులను డాబా మీద తెల్లటి పరుపు గుడ్డ పరిచి ఆరబోశాను. కింద దూది ఏకే మిషన్ నడుస్తోంది. దూది నూగు మెట్ల మీదుగా తేలివచ్చి పలుకుల మీద వాలుతుంటే ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాను. కాసేపటికి మిషన్ ఆపి నాయిన పైకి వచ్చారు.

"గిదేంది బిడ్డా?"

"బిస్కెట్లు చేస్తాన నాయినా. పండుగకు."

"గిందుకేనా నేను సదివిచ్చింది?"

"గిందుకే. నాకు ఏది చెయ్యబుద్ధయితే గది చెయ్యనీకి సదివిచ్చినవ్."

ఆయన నా వైపు, పలుకుల వైపు చూసి దిగిపోయారు. మిషన్ మళ్లీ మోగింది. నేను గుడ్డ అంచు పలుకుల మీదికి మడిచి, మళ్లీ ఏరడం మొదలుపెట్టాను.

ఈసారి పొడి పొడిలా వచ్చింది. మంట తగ్గించి కాల్చాను. బిస్కెట్లు విడివిడిగా, అంచున కాస్త ఎర్రబడి దిగాయి.

పండుగనాడు ములుగు నుంచి చిన్నాయిన వచ్చారు. ప్లేటు నేనే తీసుకెళ్లి ముందు గదిలో పెట్టాను. ఆయన ఒకటి కొరికి, "మంచిగున్నయ్ అన్నా. ఏ బేకరీలయి?" అని అడిగారు.

"చౌరస్తా కాడివి" అన్నారు నాయిన.

నేను గడప దాటబోతూ ఆగాను.

"కాదు చిన్నాయినా. నేనే చేసిన. మన పాత కుక్కర్ల, ఉప్పు మీద కాల్చిన."

"డిగ్రీ చేసి బిస్కెట్లా?"

"డిగ్రీ చేసి, బిస్కెట్లు గూడ."

నాయిన ప్లేటు ముట్టుకోలేదు. వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది: "ఎవలన్న వచ్చి గీ షీర్‌ఖుర్మా కలుపురి, అడుగంటుతాంది." వెళ్లి గరిటె అందుకున్నాను. జరుగు అని ఎవరూ అనలేదు.

పండుగ తరువాతి ఆదివారం మళ్లీ బాదం ఆరబోశాను. కింద మిషన్ మొదలైంది. నూగు రాకముందే కప్పాలని లేచేసరికి చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద నుంచి వంగి చూశాను. నాయిన ఏకవలసిన దూదిని పక్కకు నెట్టి, ఒక పాత పరుపు ముందేసుకుని కుట్లు విప్పుతున్నారు.

"ఎప్పటిదాక ఎండాలె?" అని తల ఎత్తకుండానే అడిగారు.

"పొద్దుగూకేదాక" అన్నాను.