జైనూర్ నుంచి తిరిగొచ్చినవాడు

కరీంనగర్ సమావేశంలో మా చర్చి సంఘపెద్దలు "వీనికి దేవుని పిలుపే లేదు" అని తేల్చినప్పుడు నేను నోరు విప్పలేదు. నేనే మిషనరీ శిక్షణ ఇచ్చి జైనూర్ దగ్గరి గోండుగూడేనికి పంపిన యువకుడతడు. అక్కడ ఆశ్రయమిచ్చిన ముసలమ్మ కొత్త పంట వండి, తమ దేవుడికి పెట్టి, అతనికి వడ్డిస్తే విస్తరి పక్కకు నెట్టాడు. ఆ తర్వాత గూడెంలో ఎవరూ అతనితో మాట్లాడలేదు; పని సాగక తిరిగొచ్చాడు. వేరే దేవుళ్లకు పెట్టింది తినొద్దని నేర్పింది నేనే. ఆమె మనసు నొప్పించకుండా ఎలా వద్దనాలో మాత్రం నేర్పలేదు.

మొన్న అతను పనిచేసే మరమగ్గాల షెడ్డుకు వెళ్లాను.

"ఏం అయ్యగారూ, ఇంకా పోరగాండ్లను అడవికి తోలుతున్నరా?" అన్నాడు, మగ్గం ఆపకుండానే. "నేనైతే ప్రార్థన బంద్ చేసిన. పిలుపు లేనోడు మొక్కి ఏం ఫాయిదా?"

"తప్పు నాది తమ్ముడూ. ఆనాడే అందరి ముందట చెప్పాల్సింది. నన్ను క్షమించు" అన్నాను. మగ్గాల మోతలో వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా చెప్పాను.